ఇంటిని తోలుకుంటూ ఆల్ప్స్ దాటాం

మ్యూనిక్‌లో వేసవి సెలవులు దగ్గర పడ్డాయంటే మా వీధిలో సగం ఇళ్ళ ముందు తెల్లటి పెద్ద బళ్ళు వచ్చి నిలబడతాయి. కొన్ని కారు వెనక తగిలించి లాగే క్యారవాన్లు, కొన్ని సొంత ఇంజను ఉన్న మోటార్‌హోములు. ఓ పక్క సైకిళ్ళు కడుతుంటారు, ఇంకో పక్క మడత కుర్చీలు ఎక్కిస్తుంటారు. తెల్లారి లేచి చూస్తే బండీ ఉండదు, పక్కింటివాళ్ళూ ఉండరు. ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నాం గానీ మా మనసెప్పుడూ అటు పోలేదు. సెలవంటే హోటల్లో దిగి, ఎవరో పరిచిన పక్క మీద పడుకోవడమని మా లెక్క.

ఆ లెక్క అమ్మ వల్ల మారింది. రాజమండ్రి నుంచి మూడు నెలల వీసా మీద వచ్చింది. పూర్తి శాకాహారి, గుడ్డు వాసన కూడా పడదు. అంతకుముందు వచ్చినప్పుడు వియన్నా తీసుకెళ్తే హోటల్లో రొట్టె, జామ్, అరటిపండుతో కాలక్షేపం చేసి, ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకుంటూ "ఇప్పటికి ప్రాణం లేచొచ్చిందే" అంది. ఈసారి కొండలు చూడాలని ఉంది, హోటల్ తిండి మాత్రం వద్దంది. "వంటిల్లు వెంట తీసుకుపోయే మార్గం ఒకటుంది అత్తయ్యా" అని మావారు సరదాకన్నారు. ఆవిడ నిజమే అనుకుని, ఏ గిన్నెలు తేవాలో అడగడం మొదలుపెట్టింది. దారి ఆస్ట్రియా మీదుగా స్లొవేనియా, అక్కడి నుంచి ఇటలీ అని అనుకున్నాం.

లాగే క్యారవాన్ తీసుకోవాలా, మోటార్‌హోమా అన్నది మొదటి చర్చ. క్యారవాన్ అద్దె తక్కువ. క్యాంప్‌సైట్‌లో దాన్ని వదిలేసి కారులో ఊళ్ళు తిరగొచ్చు. కానీ కారు వెనక దాన్ని తగిలించే కొక్కెం, టో బార్, ఉండాలి. వెనక్కి తీసేటప్పుడు స్టీరింగ్ ఒకవైపు తిప్పితే బండి రెండోవైపు పోతుంది. పైగా కారూ క్యారవానూ కలిపి మూడున్నర టన్నులు దాటితే ఇక్కడి మామూలు బి లైసెన్సు చాలదు, అదనపు శిక్షణ కావాలి. మోటార్‌హోమ్ అయితే మూడున్నర టన్నుల దాకా బి లైసెన్సు మీదే నడపొచ్చు. మన దేశపు లైసెన్సు ఇక్కడ స్థిరపడ్డ ఆరు నెలల దాకే చెల్లుతుంది. ఆ తర్వాత థియరీ, డ్రైవింగ్ పరీక్షలు రెండూ పాసవ్వాల్సిందే. ఆ తంతు మా ఇద్దరికీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి మోటార్‌హోమ్ వైపు మొగ్గాం.

అద్దె సైట్లలో ఫోటోలు చూసి పడిపోకూడదు. బండిలో ఎంతమంది పడుకోవచ్చన్నది పెద్ద అక్షరాలతో రాస్తారు. మీరు చూడాల్సింది ఎన్ని సీటు బెల్టులు ఉన్నాయని. మాకు నాలుగు కావాలి: మేమిద్దరం, మా అమ్మాయి, అమ్మ. తర్వాత మంచాలు. డ్రైవరు తల మీద గూడులా ఉండే మంచమైతే నిచ్చెన ఎక్కాలి, అరవై ఏడేళ్ళ మోకాళ్ళతో అది జరిగే పని కాదు. వెనక రెండు విడి మంచాలు, ముందు హాలు కప్పు నుంచి కిందికి దిగే మంచం ఒకటి ఉన్న బండి దొరికేదాకా వెతికాం. వెనకవి అమ్మకీ అమ్మమ్మ పక్క వదలని మనవరాలికీ, దిగే మంచం మాకు. సెప్టెంబర్ మొదటి వారాలకు రోజుకు 140 యూరోలు అన్నారు, డిపాజిట్ 1,500. బవేరియాలో బడులు సెప్టెంబర్ నడిమి దాకా తెరవరు, పక్క దేశాల జనం మాత్రం అప్పటికే ఇళ్ళకు తిరుగుతుంటారు. చాలా క్యాంప్‌సైట్లు అప్పుడు ధర తగ్గిస్తాయి. క్యాంప్‌సైట్ల గైడు వేసే ఏసీఎస్ఐ వాళ్ళ క్యాంపింగ్ కార్డు ఉంటే, రద్దీ లేని కాలంలో ఇద్దరికి స్థిరమైన తక్కువ ధర పడుతుంది.

ఎవరూ ముందుగా చెప్పని సంగతి బరువు. బండి మొత్తం 3,500 కిలోలు దాటకూడదు. అందులో బండి బరువే మూడు వేల దరిదాపుల్లో ఉంటుంది. డీజిలు, గ్యాసు, డ్రైవరు పోను, మిగతా మనుషులకీ సామానుకీ నాలుగు వందల కిలోల చిల్లర మిగిలింది. నీళ్ళ ట్యాంకు నిండా పోస్తే అదే వంద కిలోలు. అమ్మ ప్యాకింగ్ చూస్తే రోలు ఒక్కటే తక్కువ: బియ్యం, కందిపప్పు, ఇనప పెనం, కుక్కరు, మిక్సీ, మూడు రకాల పచ్చళ్ళు. మావారు ఊరి బయట ఇసుక, కంకర అమ్మేచోట లారీల కాటా ఉంటే మమ్మల్నందరినీ ఎక్కించుకుని దాని మీదికి తోలారు. 3,440. సైకిళ్ళు ఇంట్లోనే ఉండిపోయాయి. నీళ్ళు ఇరవై లీటర్లే పోసుకుని బయల్దేరి, క్యాంప్‌సైట్‌లో నింపుకోవడం అప్పుడే ఖాయం చేసుకున్నాం. ఆస్ట్రియాలో మోటార్‌హోములను ఆపి తూచడం ఉంది, దాటితే జరిమానా. బండి కాగితాల్లో అనుమతించిన బరువే మూడున్నర టన్నుల పైన ఉంటే మరో గొడవ: అక్కడి హైవేలకు విన్యెట్ చెల్లదు, కిలోమీటరు లెక్కన డబ్బు కోసే గో-బాక్స్ పెట్టుకోవాలి.

విన్యెట్ అంటే ఫలానా రోజుల పాటు హైవే వాడుకోవడానికి ముందే కట్టే రుసుం. ఆస్ట్రియాకి ఒకటి, స్లొవేనియాకి ఒకటి కావాలి. స్లొవేనియాలో అద్దానికి అంటించే స్టిక్కరు ఇప్పుడు లేదు, అంతా బండి నంబరు మీద ఆన్‌లైన్‌లోనే. అక్కడ వ్యాన్లకు ముందు చక్రాల దగ్గర ఎత్తును బట్టి 2ఎ, 2బి అని తరగతులున్నాయి. మోటార్‌హోమ్ ఎంత ఎత్తున్నా 2ఎ కిందే వస్తుంది, ఎక్కువ కట్టక్కర్లేదు. అద్దె బండైతే నంబరు ముందే అడిగి పెట్టుకోవాలి. అడిగినా ఆఖరి నిమిషంలో వేరే బండి ఇచ్చే అవకాశం ఉంది కాబట్టి, నేను తాళం చేతికొచ్చాక ఆ ఆఫీసు గుమ్మంలోనే నిలబడి ఫోన్లో కొన్నాను.

బండి అప్పగించేటప్పుడు ఓ కుర్రాడు గంటన్నర సేపు వివరించాడు. గ్యాసు సిలిండర్లు రెండు, ఒక్కోటి 11 కిలోలు. బండి కదిలేటప్పుడు వాల్వు కట్టేయాలి. ఫ్రిజ్ మూడు రకాలుగా నడుస్తుంది: కదిలేటప్పుడు బండి కరెంటు, క్యాంపులో 230 వోల్టుల కరెంటు, ఏదీ లేనప్పుడు గ్యాసు. బండి ఒరిగి నిలబడితే ఫ్రిజ్ సరిగా చల్లబడదు, అందుకే చక్రాల కింద పెట్టి బండిని మట్టం చేసే ప్లాస్టిక్ దిమ్మలు, ఆప్‌లు, ఇచ్చాడు. మంచినీళ్ళ ట్యాంకు, మురికినీళ్ళ ట్యాంకు, టాయిలెట్ కింద లాగి తీసే పెట్టె. ఎత్తు 2.95 మీటర్లని స్టీరింగ్ ముందు స్టిక్కరు. నేను ఫోన్లో వీడియో తీస్తూనే ఉన్నాను, బండి చుట్టూ, కింద, పైన, బంపరు మూలలు కూడా. అతనికి కాస్త విసుగొచ్చినట్టుంది. ఆ వీడియో తర్వాత పనికొచ్చింది.

డ్రైవింగ్ భయపడినంత లేదు. ఆర్టీసీ బస్సు డ్రైవరు సీట్లో కూర్చున్నట్టే, రోడ్డంతా కింద కనిపిస్తుంది. చికాకు పెట్టేవి రెండు. పక్క నుంచి లారీ దాటినప్పుడు గాలికి బండి ఓ జానెడు పక్కకి జరగడం ఒకటి. వెనక అల్మారాలో గిన్నెల మోత రెండోది. గిన్నెల మధ్య తువ్వాళ్ళు కుక్కాక అది తగ్గింది. మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్, అక్కడి నుంచి టావర్న్ హైవే మీదుగా ఫిల్లాఖ్, తర్వాత కరవాంకెన్ సొరంగం దాటితే స్లొవేనియా. మొత్తం నాలుగు వందల కిలోమీటర్ల లోపే. టావర్న్ సొరంగం ఆరు కిలోమీటర్ల పైన, కరవాంకెన్ ఎనిమిదికి కొంచెం తక్కువ. ఈ రెంటికీ విన్యెట్ చాలదు, టోల్ విడిగా కట్టాలి. ఎండాకాలం శనివారాల్లో ఈ దారిలో గంటలకొద్దీ నిలబడిపోతారు, మేం మంగళవారం బయల్దేరాం.

మొదట ఆగిన బ్లెడ్ సరస్సు గురించి పెద్దగా రాయను. ఫోటోల్లో కనిపించే దీవి, దీవిలో చర్చి, గట్టున కొండ మీద కోట, అన్నీ ఫోటోలో ఉన్నంత అందంగానూ ఉన్నాయి. చెరువు చుట్టూ ఆరు కిలోమీటర్ల నడకదారి. ప్లెట్నా అనే చెక్క పడవలో, నిలబడి తెడ్డు వేసే ఆయన దీవికి తీసుకెళ్తాడు. దిగగానే 99 మెట్లు. "ఎక్కగలవా అమ్మమ్మా?" అని మా అమ్మాయి అడిగితే, "అన్నవరం మెట్లెక్కిన కాళ్ళే ఇవి, ఇదో లెక్కా" అని చీర కుచ్చిళ్ళు పట్టుకుని మాకంటే ముందు నడిచింది. అక్కడి క్రీమ్ కేకు, క్రెమ్ష్నిటా, 1953 నుంచి పేరు మోసింది గానీ అందులో గుడ్డు ఉంటుంది, అమ్మ ముట్టలేదు. టూరిస్టు బస్సులు ఎక్కువ, పార్కింగ్ తక్కువ, చాలాచోట్ల రెండు మీటర్ల ఎత్తులో అడ్డకమ్మీ. పెద్ద బండితో వెళ్ళేవాళ్ళు దాన్ని క్యాంప్‌సైట్‌లోనే వదిలి నడిచి తిరగడం మేలు.

మా మనసు పడింది బొహీన్ మీద. బ్లెడ్ నుంచి అరగంట పైన దారి. నాలుగు కిలోమీటర్ల పొడుగున పరుచుకున్న సరస్సు, స్లొవేనియాలో ఏడాది పొడుగునా నీరుండే సహజ సరస్సుల్లో ఇదే పెద్దది. మూడు వైపులా కొండలు, త్రిగ్లావ్ నేషనల్ పార్కు లోపలే ఉంది కాబట్టి గట్టున హోటళ్ళ వరస లేదు. పడమటి కొసన ఉకాంత్స్ అనే చోట చెట్ల కింద క్యాంప్‌సైట్. రిసెప్షన్‌లో అందరి పాస్‌పోర్టులూ తీసుకుని వివరాలు ఎక్కించుకున్నారు, మనిషికింతని టూరిస్టు పన్ను రాశారు. అమ్మకి జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసాయే ఆస్ట్రియా, స్లొవేనియా, ఇటలీ అన్నిటికీ సరిపోతుంది. పాస్‌పోర్టు, ఇన్సూరెన్స్ కాగితం చేతిసంచిలో పెట్టుకుంటే చాలు.

బండి నిలబెట్టడం ఓ ఘట్టం. నేల వాలు. మావారు స్టీరింగ్ దగ్గర, నేను వెనక, ఆప్‌ల మీదికి చక్రం ఎక్కించాలి. "రండి, రండి, ఇంకొంచెం, ఆగండీ!" అని నేనరిచేసరికి బండి ఆప్ దాటి అవతల దిగింది. మళ్ళీ వెనక్కి. లోపల బల్ల మీద గ్లాసులో నీళ్ళు పెట్టి, అవి ఎటు ఒరిగాయో అమ్మ కిటికీలోంచి చెప్పింది. ఇంటర్నెట్‌లో దీనికి యాప్‌లున్నాయట, గ్లాసు బాగానే పనిచేసింది.

తర్వాత కరెంటు. క్యాంప్‌సైట్ స్తంభానికి నీలం రంగు గుండ్రటి ప్లగ్గు తగిలిస్తే బండిలో దీపాలు వెలుగుతాయి. ఇంట్లో ఉన్నట్టే అనుకుంటాం, కానీ కాదు. చాలాచోట్ల ఇచ్చేది 6 ఆంపియర్లే. 230 వోల్టులతో గుణిస్తే 1,380 వాట్లు. మా రైస్ కుక్కరు 650, మిక్సీ 750. రెండూ కలిపి వేస్తే హద్దు దాటినట్టే, ఇక రెండు వేల పైచిలుకు వాట్ల కెటిల్ పెడితే అడగక్కర్లేదు. మొదటి రోజు పొద్దున్నే ఫ్యూజు ఎగిరింది. స్తంభం పెట్టెకి తాళం, దాని తాళం చెవి రిసెప్షన్‌లో, రిసెప్షన్ ఎనిమిదింటికి. అప్పటి నుంచి టీ నీళ్ళు గ్యాసు మీద, అన్నం కరెంటు మీద, మిక్సీ పగలు మాత్రమే. రాత్రి పదింటి నుంచి పొద్దున ఏడింటి దాకా చప్పుడు చేయకూడదన్నది ఈ క్యాంపుల్లో అలిఖితం కాదు, గోడ మీద రాసి ఉన్న నియమం. ఆరింటికి కొబ్బరి చట్నీ రుబ్బడం కుదరదు. అమ్మ ముందురోజు పగలే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టేది.

పోపు బండిలో వేయలేదు. అద్దె కాగితంలో పరుపులకు, కర్టెన్లకు వాసన పడితే శుభ్రం చేసే ఖర్చు మాదే అని రాసుంది. ఇంగువ, ఎండుమిరపకాయ పొగ ఆ గుడ్డలకి పట్టిందంటే ఏ రసాయనానికీ వదలదు. చిన్న గ్యాస్ స్టవ్ బయట బల్ల మీద పెట్టి పోపంతా అక్కడే. ఆవాలు చిటపటలాడగానే పక్కన టెంటు వేసుకున్న డచ్చివాళ్ళ కుక్క లేచి కూర్చునేది. మూడో పూటకి ఆ ఇల్లాలే గిన్నె పట్టుకుని వచ్చింది. పప్పుచారు ఆవిడకి సూప్‌లా తాగబుద్ధేసిందట, బదులుగా ఓ దిమ్మ చీజ్ ఇచ్చింది.

ఇప్పుడు అందరూ అడగడానికి మొహమాటపడే సంగతి. టాయిలెట్ కింద పెట్టె పద్దెనిమిది లీటర్లు పడుతుంది. కాగితం వాడే కుటుంబానికి రెండు మూడు రోజులు వస్తుందని ఆ కుర్రాడు చెప్పాడు. మనం నీళ్ళు వాడతాం. చెంబు నీళ్ళంటే అర లీటరు పైనే, నలుగురు మనుషులు. మరుసటి రోజు మధ్యాహ్నానికే ఎర్ర దీపం వెలిగింది. దాన్ని బయటి తలుపు తీసి, లాగి, సూట్‌కేసులా చక్రాల మీద ఈడ్చుకుంటూ క్యాంప్‌సైట్‌లో దానికని కట్టిన చోటికి తీసుకెళ్ళి పారబోయాలి. అందులో వేసే నీలం మందు వల్ల మామూలు టాయిలెట్లలో పోయకూడదు. మావారు ముక్కుకి కండువా కట్టుకుని బయల్దేరితే అమ్మ నోట మాట రాలేదు. కాసేపటికి, "ఇంత డబ్బు పోసి మనది మనమే మోసుకెళ్ళి పారబోసుకోవాలటే?" అంది. అల్లుడి చేత ఆ పని చేయించడం ఆవిడకి మహా నామోషీగా ఉంది. దాంతో ఓ కట్టుబాటు పెట్టుకున్నాం: పగలు చెంబు పట్టుకుని క్యాంప్‌సైట్ బాత్‌రూములకే, అవి మన పెద్ద హోటళ్ళ బాత్‌రూములకు తీసిపోవు. బండిలోది అర్ధరాత్రి అవసరానికి మాత్రమే. నీళ్ళు వాడే అలవాటున్న ఏ కుటుంబమైనా మొదటి రోజు నుంచే ఇలా చేస్తే హాయి.

మురికినీళ్ళదీ అదే కథ. పప్పు గిన్నె కడిగిన నీళ్ళు రెండు రోజులు ట్యాంకులో ఎండకు మగ్గితే సింకు కన్నంలోంచి వచ్చే కంపు భరించలేం. అంట్లన్నీ టబ్బులో వేసుకుని క్యాంప్‌సైట్ తొట్ల దగ్గరే తోమేవాళ్ళం. వేణ్ణీళ్ళు వస్తాయి, పక్కన మరో నలుగురు నాలుగు భాషల్లో తోముతుంటారు. ముందు ఏ దారిలో పని జరుగుతోంది, ఏ ఊళ్ళో పార్కింగ్ దొరుకుతుంది అన్న కబుర్లన్నీ మాకు ఆ తొట్ల దగ్గరే దొరికాయి.

బొహీన్‌లో పొద్దున్నే లేస్తే సరస్సు క్యాంప్‌సైట్ గట్టునే. నీళ్ళు అడుగు రాళ్ళు కనిపించేంత తేట. మంచు తెర ఎండెక్కేకొద్దీ కొండల మీదికి లేచిపోతుంది. కాఫీ గ్లాసు పట్టుకుని అమ్మ ఆ గట్టున రాయి మీద కూర్చుని లలితా సహస్రనామం చదువుకునేది. కరెంటు పడవలో అవతలి ఒడ్డు రిబ్చెవ్ లాజ్‌కి వెళ్ళి, రాతి వంతెన పక్కన పాత చర్చి చూశాం. సావిత్సా జలపాతానికి ఐదు వందల పైచిలుకు మెట్లు, అది మేం ముగ్గురం వెళ్ళి అమ్మకి వీడియో చూపించాం. వోగెల్ రోప్‌వే మాత్రం అమ్మ కూడా ఎక్కింది. పైన 1,535 మీటర్ల దగ్గర నిలబడితే ఎదురుగా త్రిగ్లావ్, 2,864 మీటర్లు, స్లొవేనియా జెండాలో ఉండే శిఖరం. ఓ రోజంతా ధారగా వాన. ఈ ప్రాంతంలో వానలెక్కువ, అది తెలిసే వెళ్ళాం. హోటల్ గదిలో అయితే విసుగొచ్చేది. ఇక్కడ రేకు కప్పు మీద వాన మోత వింటూ పకోడీలు. పకోడీలు వేసింది మాత్రం బయట, గుడారం పంచ కింద నిలబడి.

అక్కడి నుంచి సోచా నది లోయకి పోవాలి. అందరూ చెప్పే దారి వ్రిషిచ్ కనుమ, 1,611 మీటర్ల ఎత్తు, యాభై హెయిర్‌పిన్ మలుపులు. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా ఖైదీల చేత వేయించారు. 1916లో మంచుచరియ కింద పడి చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా దారిలో చిన్న చెక్క చర్చి ఉంది. క్యారవాన్ లాగేవాళ్ళకి ఆ రోడ్డు నిషిద్ధం. మా ఏడు మీటర్ల బండికి నిషేధం లేకపోయినా, అంట్ల తొట్టి దగ్గర ఓ ముసలాయన చేతులు రెండూ జోడించినంత పని చేసి వద్దన్నాడు. ఆయన చెప్పినట్టే క్రాన్స్కా గోరా నుంచి ఇటలీలోకి దిగి, తార్వీసియో దగ్గర తిరిగి, ప్రెడెల్ కనుమ మీదుగా మళ్ళీ స్లొవేనియాలోకి వచ్చాం. ఇది 1,156 మీటర్లే. మలుపులున్నాయి, ఎదురుగా సైకిళ్ళు, మోటారుసైకిళ్ళు. రెండో గేరులో ఇంజను బ్రేకు మీద దిగాను. బ్రేకు తొక్కుతూ దిగితే మూడున్నర టన్నులకి బ్రేకులు వేడెక్కి వాసనొస్తాయి.

సోచా నది రంగు ఫోటోలో నమ్మలేం. ఎదురుగా చూసినా వెంటనే నమ్మబుద్ధి కాదు. పాలు కలిసిన పచ్చ, నీడలో నీలం. సున్నపురాయి కొండల్లోంచి వచ్చే నీళ్ళు, సెప్టెంబర్లో కూడా మోకాలి దాకా దిగితే ఎముకలు లాగేంత చలి. బోవెత్స్ నుంచి కోబరీద్ దాకా నది పక్కన చిన్నచిన్న క్యాంప్‌సైట్లు, ఊయల వంతెనలు, రాఫ్టింగ్ పడవలు. ఇంత అందమైన లోయలో 1915 నుంచి 1917 దాకా ఇటలీ, ఆస్ట్రియా-హంగరీ సైన్యాలు పన్నెండు యుద్ధాలు చేశాయి. ఆఖరిదాన్ని కోబరీద్ యుద్ధం అంటారు. ఊళ్ళో మ్యూజియం ఉంది, ఊరి పైన కొండ మీద ఏడు వేల మందికి పైగా ఇటలీ సైనికుల అస్థికలున్న స్మారకం. అమ్మ ఆ పేర్ల వరసలు చూసి చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. మా అమ్మాయి రాఫ్టింగ్ కోసం ఏడుస్తోంది, ఆ పూట దాన్ని తండ్రికి అప్పజెప్పి మేమిద్దరం మ్యూజియంలోనే ఉండిపోయాం. అన్ని చోట్లలో మళ్ళీ వెళ్ళాలనిపించేది ఇదే.

తర్వాత గార్డా. ఇటలీలోకెల్లా పెద్ద సరస్సు, 370 చదరపు కిలోమీటర్లు. దక్షిణపు ఒడ్డున ఈత కొలనులు, ఆటస్థలాలు ఉన్న పెద్ద పెద్ద క్యాంప్‌సైట్లు, పిల్లలకి స్వర్గం. మేం గాలి కోసం ఉత్తరాన టోర్బోలే వైపు వెళ్ళాం. ఒంటిగంట దాటాక చేరేసరికి గేటు వేసేశారు: ఒంటిగంట నుంచి మూడింటి దాకా పడుకునే వేళ, బండి లోపలికి కదలకూడదు. రోడ్డు వారన ఆపుకుని పులిహోర తిన్నాం. మధ్యాహ్నం పూట దక్షిణం నుంచి ఓరా అనే గాలి రోజూ లేస్తుంది, పొద్దున ఉత్తరం నుంచి వచ్చేది పెలేర్. విండ్‌సర్ఫింగ్ వాళ్ళంతా వాటి కోసమే వస్తారు. మేం బండి పక్క గుడ్డ పందిరి లాగి కూర్చుంటే, పక్క బండాయన పరుగున వచ్చి మడిచేయమన్నాడు. మడిచిన కాసేపటికి మరో వరసలో ఓ పందిరి కమ్మీలతో సహా పైకి లేచి బండి కప్పు మీద పడింది. దాని ఖరీదు వేలల్లో ఉంటుందని ఆయనే చెప్పాడు. గార్డా బాగుంది, కానీ బండికీ బండికీ మధ్య మూడడుగులు. బొహీన్ చూసొచ్చిన కంటికి అది ఇరుకే.

తెలిసినవాళ్ళందరూ అడిగే ప్రశ్న: "ఎక్కడ నచ్చితే అక్కడ ఆపుకుని పడుకోవచ్చు కదా?" పడుకోలేం. స్లొవేనియాలో క్యాంప్‌సైట్ బయట క్యాంపింగ్ నిషేధం, జరిమానాలు గట్టివి. ఆస్ట్రియాలో రాష్ట్రాన్ని బట్టి నియమాలు మారతాయి, టైరోల్‌లో అసలు ఒప్పుకోరు. జర్మనీలో అలసట తీరేందుకు ఓ రాత్రి పార్కింగ్‌లో నిద్రపోవచ్చు, కుర్చీలు బయట వేస్తే మాత్రం అది క్యాంపింగ్ కిందికి వస్తుంది. ఇటలీ చట్టంలో చక్రాలు తప్ప ఇంకేదీ నేల తాకకుండా, పందిరి చాపకుండా నిలిపితే దాన్ని పార్కింగే అంటారు, అయినా ఊరి బోర్డులు చూసుకోవాలి. పాత ఊళ్ళ మధ్యలో జెడ్‌టీఎల్ అని, అంటే అనుమతి ఉన్న బళ్ళకే ప్రవేశమని, బోర్డు ఉంటే అసలు దూరకూడదు, కెమెరా ఫోటో తీసి నెలల తర్వాత చీటీ ఇంటికి పంపిస్తుంది.

తిరుగు దారి బ్రెన్నర్ కనుమ మీదుగా. ఆస్ట్రియా వైపు ఆ హైవేకి కూడా విడిగా టోల్. 190 మీటర్ల ఎత్తున్న యూరోపా వంతెన మీద గాలి బండిని నెడుతుంటే మావారు ఎనభైకి మించలేదు. జర్మనీ సరిహద్దులో పోలీసులు ఆపి అమ్మ పాస్‌పోర్టు చూశారు. "వెకేషన్?" అంటే అమ్మ "వెరీ నైస్" అంది, పంపించేశారు.

హోటల్ కంటే ఇది చవకని ఎవరైనా అంటే నమ్మకండి. అద్దె, వంద కిలోమీటర్లకి పదకొండు లీటర్ల డీజిలు, టోళ్ళు, రాత్రికి నలుగురికీ కరెంటుతో 45 నుంచి 60 యూరోల స్థలం అద్దె, అన్నీ కలిపితే మంచి హోటల్లో ఉన్నంతే అయింది. మిగిలిందల్లా హోటల్ భోజనం ఖర్చు. రోజుకో ఊరు మార్చేవాళ్ళకి ఇది వద్దంటాను. దిగిన ప్రతిచోటా ఆప్‌లు, కరెంటు, నీళ్ళు, మళ్ళీ అన్నీ సర్దడం, పూటంతా దానికే పోతుంది. ఒక్కోచోట మూడు రాత్రులన్నా ఉండాలి. మరోసారి వెళ్తే నేనైతే గార్డా వదిలేసి ఆ రోజులు సోచాకి కలుపుతాను. మావారు క్రొయేషియా అంటున్నారు.

బండి అప్పగించే ముందు డీజిలు నింపి, రెండు ట్యాంకులు, ఆ పెట్టె ఖాళీ చేసి, లోపలంతా తుడవాలి. సోఫా మీద చింతపండు మరక ఒకటుంటే అమ్మ వంటసోడాతో పోగొట్టింది. పోపు వాసన లేదు. అయినా వెనక బంపరు మూల గీత కొత్తదని చెప్పి డిపాజిట్‌లో 380 యూరోలు పట్టుకున్నారు. తాళం తీసుకున్న రోజు వీడియోలో అదే గీత, పైన తేదీ, టైముతో సహా ఉంది. మెయిల్‌లో పంపాను. వారం దాకా జవాబు లేదు. మరోసారి పంపి, ఈసారి లాయరు ఖర్చులు భరించే మా ఇన్సూరెన్స్ నంబరు కింద రాశాను. మూడు రోజుల్లో మిగతా డబ్బు ఖాతాలో పడింది.